దేవమ్మ మీద తొమ్మిది కాగితాలు

అది 1999 ఆగస్టు, శుక్రవారం ఉదయం. బందరు బచ్చుపేటలో సోమేశ్వరరావు ఆఫీసు మెట్లెక్కి వచ్చిన ఆవిడ కూర్చోమన్నా కూర్చోలేదు. చేతిలోని ఖాకీ కవరును గుండెకు అదుముకుని, తలుపు వేయమని సైగ చేసింది.

"గొళ్లెం కూడా పెట్టమంటారా?" అన్నాడు నాంచారయ్య.

నాంచారయ్య ఈ ఆఫీసులో అసిస్టెంటు. అంతకుముందు అవనిగడ్డ బస్సులో పద్దెనిమిదేళ్లు కండక్టరుగా చేశాడు. మోకాళ్లు అరిగి ఆ ఉద్యోగం మానుకున్నాక ఇక్కడ చేరాడు. సోమేశ్వరరావు లాంటి డిటెక్టివు మూడు జిల్లాల్లో లేడని అతని నమ్మకం. అడిగినవాళ్లకూ చెబుతాడు, అడగనివాళ్లకూ చెబుతాడు. సోమేశ్వరరావు మాత్రం బడిపంతులు గారి అబ్బాయి, సన్నగా పొడుగ్గా ఉంటాడు, అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడడు.

"నా పేరు జ్యోతిర్మయి. గుడివాడ కాలేజీలో లెక్చరర్ని," అంది ఆవిడ, ఎట్టకేలకు కూర్చుని. "ఒక మనిషి బతుకు నా చేతులమీదుగా పాడైపోతోందండీ. సోమవారం పదింటికల్లా ఏదో ఒకటి చేయాలి."

"మొదటినుంచీ చెప్పండి."

ఆస్పత్రులకు వెళ్లినవాళ్లను అక్కడ ఎలా చూస్తున్నారన్నది జ్యోతిర్మయి పరిశోధన. బందరులోని సీతారామ ధర్మాసుపత్రి కాన్పుల వార్డును అందుకు ఎంచుకుంది. ఇంటికి వెళ్లే ప్రతి మనిషికీ మందుల పొట్లంతోపాటు, నర్సుల గది సొరుగులోంచి తీసి ఒక కాగితం ఇస్తారు. అందులో నాలుగు ప్రశ్నలుంటాయి. ఎంతసేపు ఆగారు, ఎక్కడ పడుకోబెట్టారు, మీతో ఎలా మాట్లాడారు, మిమ్మల్ని అందరికంటే బాగా చూసినవారి పేరేమిటి? చదువు రానివాళ్లు ఎవరిచేతనైనా రాయించుకుని, తర్వాత చూపించుకోవడానికి వచ్చినప్పుడు గుమ్మం దగ్గరి పెట్టెలో వేయాలి. రాసినవాళ్ల పేరు ఉండకూడదు. పెట్టె తాళంచెవి జ్యోతిర్మయి దగ్గరే ఉంటుంది.

"మొదటి విడతలో నూటపన్నెండు వచ్చాయి. అరవై ఒక్కదాంట్లో దేవమ్మ పేరు రాశారు. ఆవిడ ఆయా అండీ, టెంపరరీ. మంగినపూడి దారిలోని పాలెం మనిషి. మంగతాయారు అనే ఇంకో ఆయాకి ఆరు, డాక్టర్ సత్యవాణి గారికి నాలుగు. మిగతా నలభై ఒక్కదాంట్లో పేరు లేదు, పక్కన పెట్టాను. ఆ లెక్క వార్డు నోటీసు బోర్డు మీద అంటించాను. దేవమ్మని పర్మనెంటు చేద్దామన్నారు సూపరింటెండెంటు గారు."

"తర్వాత?"

"నిన్న రెండో విడత తీశాం. అందరి ముందూ నేనే చదివాను." ఆవిడ కవరు బల్లమీద పెట్టింది. "నలభై ఏడింటిలో తొమ్మిది కాగితాలు దేవమ్మ మీదే. నొప్పులు పడుతున్నవాళ్లని కొట్టిందని! సోమవారం కమిటీలో ఆవిణ్ణి తీసేస్తారు. ఆ మాట అప్పుడే పాలెం చేరిపోయింది. పురుటికి వచ్చిన మనిషి ఒకామె తనను దేవమ్మ ముట్టుకోవద్దని గోల చేసిందట. నేను మూడు నెలలు ఆ వార్డులో కూర్చున్నానండీ, ఆవిడ చెయ్యెత్తగా చూడలేదు. రాసినవాళ్లెవరో వెతుకుదామంటే పేర్లు లేకుండా చేసింది నేనే."

సోమేశ్వరరావు కవరు తీసుకుని కాగితాలు బల్లమీద పరిచాడు. తొమ్మిదింటినీ ఒకపక్క పెట్టాడు. చాలాసేపు చూశాడు గానీ చదివినట్టు కనిపించలేదు.

"నాంచారయ్యా, ఈ రెండు గుట్టల్లో తేడా చెప్పు."

"ఇవి నలిగిపోయినయ్యండీ. టిక్కెట్టు మడిచినట్టు ఎనిమిది మడతలేసి బొడ్లో దోపుకున్నారు. దీనికి పసుపంటింది, దీనికి జావ మరక. ఈ తొమ్మిదీ శుభ్రంగా ఉన్నయ్, ఒక్క మడతే."

"చాలు. ఇప్పుడు రెండో ప్రశ్నకు ఏం రాశారో చదువు."

నాంచారయ్య నలిగిన కాగితాలు తిరగేశాడు. "ఫ్యాను కింద మంచం... బాత్రూం గుమ్మం పక్కన... కిటికీ మంచం." తర్వాత శుభ్రమైన గుట్ట అందుకున్నాడు. "ఐదో బెడ్... పదో బెడ్... ఇదిగోండి, 'నన్ను తొమ్మిదో బెడ్‌లో వేశారు. కిటికీలోంచి జల్లు కొడుతోంది, రెక్క వెయ్యమన్నందుకు దేవమ్మ చెంప మీద కొట్టింది.'"

"నాలుగో ప్రశ్నకు?"

"ఖాళీ అండీ. తొమ్మిదింట్లోనూ ఖాళీయే."

సోమేశ్వరరావు లేచి కండువా భుజాన వేసుకున్నాడు. "పదండి, ఆస్పత్రి చూద్దాం."

సూపరింటెండెంటు డాక్టర్ సత్యవాణి వాళ్లను అంత సంతోషంగా ఏమీ ఆహ్వానించలేదు. ఆస్పత్రి పరువు బయటి మనుషుల చేతిలో పడటం ఆవిడకు నచ్చలేదు. అయినా రెండు రోజులు గడువిచ్చింది.

ముందు మంగతాయారు వచ్చింది. పమిట నడుముకు బిగించి, అడగకముందే అందుకుంది. "నేనే రాయించానంటారా? నాకు ఏలిముద్రేనండీ. ఆ పర్మనెంటు పోస్టు నాకు రావాల్సింది, అది మాత్రం నిజం. దేవమ్మకన్నా రెండేళ్లు ముందొచ్చాను. అరవై ఒకటంట! నాకు ఆరంట! కడుపు మండదా? మండింది. మండిందని ఇంటికెళ్లి మా ఆయన్ని తిట్టాను, అంతే."

"తొమ్మిదో బెడ్ ఎక్కడుంది?"

"ఆ అంకెలు నాకేం తెలుసండీ? కిటికీ మంచం, బీరువా మంచం అంటాం మేము."

రికార్డుల గుమాస్తా చిట్టిబాబు కళ్లజోడు సర్దుకుంటూ వచ్చాడు. తన మరదల్ని ఆయాగా పెట్టించాలని అతను ఏడాదిగా తిరుగుతున్నాడని మంగతాయారు పోతూ పోతూ ఒక మాట వదిలిపోయింది. చిట్టిబాబు అది కాదనలేదు.

"అడిగానండీ, తప్పేముంది? దేవమ్మకి పోస్టిస్తే మా మరదలికి లేనట్టే. అట్లా అని కాగితాలు పుట్టిస్తానా?"

"వార్డులో మంచాల అంకెలు కొత్తగా ఉన్నాయే?"

"వేసవిలో నేనే దగ్గరుండి రాయించానండీ. అంతకుముందు సముద్రం వైపునుంచి లెక్క. ఇప్పుడు గుమ్మం వైపునుంచి ఒకటి, రెండు, అట్లా పన్నెండు దాకా. జాబితా నా బీరువాలోనే ఉంది, చూపించమంటారా?"

చూపించాడు కూడా. తన పనితనం ఒకరు అడిగి చూడటం అతనికి ఎంత సంతోషమో ముఖంలోనే తెలిసింది.

ఇన్‌చార్జి సిస్టర్ సులోచన వార్డులోనే ఉంది. యాభై దాటిన మనిషి, గంజిపెట్టిన తెల్లచీరలో ఎక్కడా ముడత లేదు. ఇరవై రెండేళ్లుగా ఆ వార్డు ఆవిడ చేతిమీదుగానే నడుస్తోంది.

"దేవమ్మ కొట్టే మనిషంటే నేను నమ్మను," అంది ఆవిడ మెల్లగా. "కానీ తొమ్మిది మంది రాశారంటే కాదనడానికి నేనెవరిని? పేషెంట్ల మాటే కదా ఇప్పుడు వేదవాక్కు." ఆ చివరి మాట అంటూ జ్యోతిర్మయి వైపు చూసింది. అంతలోనే తల తిప్పి, "తొమ్మిదో బెడ్ సెలైన్ అయిపోవస్తోంది, చూడమ్మా," అని కేకేసింది.

జూనియర్ నర్సు బీరువా వైపు రెండడుగులు వేసి ఆగింది. సులోచన ముఖం చూసి, వెనక్కి తిరిగి కిటికీ పక్క మంచం దగ్గరకు వెళ్లింది. సోమేశ్వరరావు ఆ గోడ వైపు చూశాడు. కిటికీ పక్కన ఎర్రరంగుతో నాలుగు అంకె ఉంది. తొమ్మిది అంకె దుప్పట్ల బీరువా పక్కన, కిటికీ లేని గోడ మీద ఉంది.

చివరికి దేవమ్మ దొరికింది. వెనక వరండాలో పసిగుడ్డలు ఆరేస్తోంది. నలభై ఏళ్ల మనిషి. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బిపోయాయి.

"ఉజ్జోగం పోతే పోనీండి బాబూ. మా అమ్మ చేపల బుట్ట ఇంకా ఉంది, నెత్తినెట్టుకుంటాను," అంది. "నొప్పులు పడే ఆడదాన్ని కొట్టానంటన్నారే, దానికేం చెయ్యను? నా కూతురికిప్పుడు ఏడో నెల. అత్తారింట్లో దాన్ని అడుగుతన్నారంట, మీ అమ్మ అట్టాంటిదా అని."

సోమేశ్వరరావుకు ఆ మాట తగిలింది.

శనివారం ఇద్దరూ ఆటోలో పాలెం వెళ్లారు. చేపలు ఆరేసిన దండేల దగ్గర తాతమ్మ అనే ముసలావిడ కూర్చుని ఉంది. మొన్న జూన్‌లో ఆవిడ మనవరాలికి అదే ఆస్పత్రిలో పురుడొచ్చింది.

"దేవమ్మ మీద మాకు కోపం లేదయ్యా, భయం. మా ముందు పెరిగిన పిల్లే. మరి కాయితాల్లో ఉందంట గదా," అంది తాతమ్మ.

"మీ మనవరాలిని అందరికంటే బాగా చూసిందెవరు?"

"పెద్ద సిస్టరమ్మగారు! రగతం ఆగకపోతే రెండు పూటలు కదల్లేదు మాతల్లి. ఆ మాటే రాయించాం."

"ఆవిడ పేరేమిటి?"

తాతమ్మ అతన్ని వింతగా చూసింది. "పేరా? అంత పెద్దావిణ్ణి పేరెట్టి అంటామా బాబూ? దేవమ్మంటే మా పిల్ల, పిలుత్తాం. ఆవిడ పేరు మాకెందుకు?"

సోమేశ్వరరావు నాంచారయ్యను పంపి, జ్యోతిర్మయి పక్కన పెట్టిన నలభై ఒక్క కాగితాలూ గుడివాడనుంచి తెప్పించాడు. ఆదివారమంతా వాటితోనే కూర్చున్నాడు.

"దొంగ దొరికాడా గురువుగారూ?" అన్నాడు నాంచారయ్య.

"శుక్రవారమే దొరికింది. ఇప్పుడు చూస్తున్నది అంతకంటే కష్టమైన సంగతి."

సోమవారం పదింటికి సూపరింటెండెంటు గదిలో అందరూ చేరారు. డాక్టర్ సత్యవాణి, జ్యోతిర్మయి, సులోచన, చిట్టిబాబు కుర్చీల్లో కూర్చున్నారు. మంగతాయారు, దేవమ్మ గోడవారన నిలబడ్డారు. సోమేశ్వరరావు వాళ్లకూ కుర్చీలు తెప్పించేదాకా నోరు విప్పలేదు.

"ఈ తొమ్మిది కాగితాలూ పేషెంట్ల ఇళ్లనుంచి రాలేదు," అని మొదలుపెట్టాడు. "ఇంటికి వెళ్లిన కాగితం మందులతో, బిడ్డగుడ్డలతో నలిగి తిరిగొస్తుంది. ఇవి నర్సుల గది సొరుగులోంచి నేరుగా పెట్టెలోకి వచ్చాయి. రాత మార్చి మార్చి రాశారు గానీ, మంచాన్ని అంకెతో చెప్పే అలవాటు అన్నింటిలో ఒకటే. పడుకున్న మనిషికి కిటికీ తెలుస్తుంది, ఫ్యాను తెలుస్తుంది, నెత్తిమీది అంకె తెలియదు. రాసింది ఆస్పత్రి మనిషి."

"అనుకున్నాను," అని గొణిగింది మంగతాయారు, చిట్టిబాబు వైపు చూస్తూ.

"తొందరపడకు. మంగతాయారుకు చదువు రాదు. ఇంకొకరిచేత రాయించినా, ఆవిడకు మంచాల అంకెలే తెలియవు. చిట్టిబాబుకు అంకెలు తెలుసు, మరీ బాగా తెలుసు. తొమ్మిదో బెడ్‌కు కిటికీ ఉందని అతను చచ్చినా రాయడు. ఆ అంకెను బీరువా పక్కన రాయించింది అతనే. కొత్త లెక్కలో కిటికీ పక్కది నాలుగు. పాత లెక్కలో, సముద్రం వైపునుంచి ఎంచితే తొమ్మిది. గోడమీద రంగు మారినా ఇరవై రెండేళ్ల నోరు మారదు. శుక్రవారం నా ఎదుటే ఆ నోరు తొమ్మిదో బెడ్ అంది. నర్సు కిటికీ దగ్గరకు వెళ్లింది."

దేవమ్మ కుర్చీలోంచి సగం లేచింది. "కాదు బాబూ. ఆవిడ కాదు."

"నాలుగో ప్రశ్న తొమ్మిదింట్లోనూ ఖాళీ," అన్నాడు సోమేశ్వరరావు, గొంతు తగ్గించి. "వేరే ఎవరైనా అయితే అనుమానం రాకుండా ఏదో ఒక పేరు నింపేవాళ్లు. తన పేరు తనే రాసుకోవడానికి ఈ మనిషికి అభిమానం అడ్డొచ్చింది. ఇంకొకరి పేరు రాయడానికి మనసొప్పలేదు. అవునా సిస్టర్?"

సులోచన చీర కుచ్చిళ్లు సర్దుకుంది.

"లెక్క అంటించారు కదమ్మా బోర్డు మీద," అంది జ్యోతిర్మయితో. "వార్డులో పనిచేసే అందరి పేర్లూ వరసగా రాశారు. దేవమ్మకి ఎదురుగా అరవై ఒకటి. నా పేరు రాసి, ఎదురుగా సున్నా పెట్టారు. రోజూ దాని ముందునుంచే డ్యూటీకి వచ్చేదాన్ని. వచ్చే పోయేవాళ్లు ముందు దేవమ్మ అంకె చూసేవాళ్లు, తర్వాత నా అంకె చూసేవాళ్లు. పసిబిడ్డని ఎలా ఎత్తుకోవాలో దేవమ్మకి నేర్పింది నేను. పెళ్లి వద్దనుకున్నాను, సెలవులు వద్దనుకున్నాను. ఇరవై రెండేళ్లకి ఒక్కరంటే ఒక్కరు... ఓర్చుకోలేకపోయాను. అసూయే. వేరే పేరు పెట్టుకుని ఏం లాభం? దేవమ్మ నవ్వితే చూడలేకపోయేదాన్ని."

డాక్టర్ సత్యవాణి కళ్లజోడు తీసి బల్లమీద పెట్టింది. "నాకు నాలుగే వచ్చాయని నేను కూడా ఒక పూట బాధపడ్డాను. కానీ ఇంత పని చేస్తారా సిస్టర్?"

"ఇంకొకటి ఉంది," అన్నాడు సోమేశ్వరరావు. నలిగిన కాగితాల కట్ట తీసి సులోచన ముందు పెట్టాడు. "మొదటి విడతలో పేరు లేదని పక్కన పెట్టినవి. ఇవి ముప్ఫై మూడు. చదవండి."

సులోచన పైది విప్పింది. పెన్సిలుతో, బడిపిల్లల రాతలో ఉంది. 'రక్తం పోతుంటే పెద్ద సిస్టరమ్మగారు మా కాళ్ల దగ్గరే ఉన్నారు. అన్నం తినలేదు.' రెండోది విప్పింది. 'పెద్ద సిస్టరమ్మగారు తిట్టారు, బతికించారు.' మూడోది విప్పి, చదవలేక బల్లమీద పెట్టేసింది.

జ్యోతిర్మయి ఆ కాగితం అందుకుని చదివింది. "పేరు రాయమన్నాను. పేరు లేకపోతే జవాబు లేనట్టే లెక్కేశాను. గౌరవంతో పేరెత్తరన్న సంగతి... నేనూ ఇక్కడి దాన్నే, నాకు తట్టలేదు. మా ఇంట్లో అమ్మ కూడా నాన్నని పేరు పెట్టి అనదు."

"మీ తప్పు మీ పరిశోధనలో రాసుకోండి," అన్నాడు సోమేశ్వరరావు. "కానీ ఆ సున్నా ఈ తొమ్మిది కాగితాలు రాయలేదు."

"ముప్ఫై మూడు," అంది సులోచన, తనలో తనే. తర్వాత కాగితాలు మళ్లీ దగ్గరకు లాక్కుంది. "అయినా దేంట్లోనూ నా పేరు లేదుగా."

అంత జరిగాక కూడా ఆవిడ ఆ మాట అనగలదని నాంచారయ్య ఊహించలేదు. ఊహించాల్సింది. అసూయ ఒక పూటలో పోయేది కాదు.

కమిటీ పని పది నిమిషాల్లో ముగిసింది. దేవమ్మ పోస్టు ఖాయం చేశారు. సులోచనను ఇన్‌చార్జినుంచి తప్పించారు. పోలీసులకు రాయాలా అని డాక్టర్ సత్యవాణి దేవమ్మను అడిగింది.

దేవమ్మ లేచి సులోచన ఎదురుగా నిలబడింది. అంత దగ్గరగా, తల ఎత్తి, ఆవిడను చూడటం అదే మొదటిసారి కాబోలు.

"పోలీసులొద్దండీ. చమించానని కూడా అన్ను, ఇప్పుడు నావల్ల కాదు. మీరు రాసింది పాలెం దాకా వచ్చింది. మీరూ రండి. అక్కడ మా వాళ్లందరి ముందూ నిలబడి, మీ నోటితో చెప్పండి. అదొక్కటే నాక్కావాలి."

సులోచన తలూపింది.

మంగళవారం ఉదయం ఆటో పాలెం మొదట్లో ఆగింది. చేపలు తిరగేస్తున్న ఆడవాళ్లు తెల్లచీర చూసి ఒక్కసారిగా లేచారు. "పెద్ద సిస్టరమ్మగారండోయ్!" అని కేకలు వినిపించాయి. ఒకామె పరుగున వెళ్లి పీట తెచ్చింది. తాతమ్మ మనవరాలు చంకలోని బిడ్డను ముందుకు పట్టింది. "మీరు బతికించిన పిల్లేనండీ, చూడండి!"

సులోచన పీట మీద కూర్చోలేదు. బిడ్డను ముట్టుకోలేదు. సోమేశ్వరరావు, నాంచారయ్య ఆటో దగ్గరే ఆగిపోయారు. దేవమ్మ, ఆవిడ కూతురు ఒకపక్కన నిలబడ్డారు.

"దేవమ్మ ఎవరినీ కొట్టలేదు," అంది సులోచన. ముందున్నవాళ్లకు తప్ప వినపడలేదు. మళ్లీ పెద్దగా అంది. "దేవమ్మ ఎవరినీ కొట్టలేదు. ఆ కాగితాలు అబద్ధం. మీరంతా ఆమె పేరు రాశారని ఓర్వలేక, వాటిని నేనే రాశాను. నా పేరు సులోచన."

దేవమ్మ కూతురు పమిటతో ముఖం కప్పుకుని ఏడ్చింది. దేవమ్మ కూతురి భుజం పట్టుకుని, గుడిసెల మధ్యనుంచి ఇంటివైపు నడిపించుకుపోయింది. తాతమ్మ మనవరాలు బిడ్డను వెనక్కి తీసుకుంది.

తాతమ్మకు చెవులు సరిగ్గా వినపడవు. పక్కనున్న ఆమెను మోచేత్తో పొడిచి, ఏమంటోందని అడిగింది.

"దేవమ్మ మీద రాసింది ఈవిడేనంట," అంది ఆమె. "పేరు సులోచనంట."

"సులోచనా?" అంది తాతమ్మ, ఆ పేరు మొదటిసారి పలుకుతూ.

వెనకవరసలో ఎవరో ఆ మాట అందుకుని పక్కింటికి చెప్పారు. మధ్యాహ్నానికి పాలెంలో ఆవిడ పేరు తెలియని ఇల్లు లేదు.